మన పరుగు పందేలకు జనం రావాలంటే మీట్‌ని మార్చాలా, పిల్లల కోసమే వదిలేయాలా?

పెన్నాగట్టు, నెల్లూరు:

మొన్న మా అన్న కూతురు పరుగెత్తుతుందని మన వైపే జరిగిన ఒక స్కూల్ అథ్లెటిక్స్ మీట్‌కి వెళ్లాను. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అక్కడే ఉన్నాను. గ్యాలరీలో మహా అయితే యాభై మంది ఉంటారు. అందరూ తల్లిదండ్రులో, వ్యాయామ మాస్టర్లో (పీఈటీలు), పిల్లల్ని తెచ్చిన వ్యాన్ డ్రైవర్లో. ఊరి జనం ఒక్కరు లేరు. ఆ ఏడు గంటలూ మైకులో వినిపించింది ఒకటే మాట: ఫలానా చెస్ట్ నంబర్ వెంటనే లాంగ్‌జంప్ పిట్ దగ్గరికి రావాలి.

అమ్మాయిల 400 మీటర్లలో ఒక పాప ఆఖరి వంద మీటర్లకి నాలుగో స్థానంలో ఉంది. అక్కణ్నుంచి ముగ్గురినీ దాటుకుని గీత తాకింది. నాకు ఒళ్లు జలదరించింది. పక్కన కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ పాప ఎవరో, ఏ ఊరో, అది హీట్సో (ఫైనల్‌కి ముందు జరిగే అర్హత పరుగు) ఫైనలో ఎవరూ చెప్పలేదు. అంతకు ముందు పందెం మొదలయ్యేటప్పుడు ఆయన ఒక మంచి ప్రశ్న వేశాడు: "చివరి అమ్మాయిని అంత ముందు నిలబెట్టారేంది, మిగతావాళ్లకి అన్యాయం కాదా?" వలయం కాబట్టి బయటి లేన్ పొడవెక్కువ. దాన్ని సరిచేయడానికి రెండో లేన్ వాళ్లని 7 మీటర్లు, ఎనిమిదో లేన్ వాళ్లని సుమారు 53 మీటర్లు ముందు నిలబెడతారు. ఇది తెలియకపోతే చివరి మలుపు దాటేదాకా ఎవరు ముందున్నారో కొత్తవాళ్లకి అర్థమే కాదు. మైకులో రెండు వాక్యాలు చెబితే చాలు. ఆ మైకు ఏడు గంటలు పని చేసింది, ఈ రెండు వాక్యాలు చెప్పలేదు.

నా వాదన ఇది. పొద్దున హీట్స్ ఎప్పటిలాగే పెట్టండి. ఫైనల్స్ మాత్రం సాయంత్రం పూట, మొత్తం రెండున్నర గంటల వ్యవధిలో, ఒకదాని తర్వాత ఒకటిగా, చెప్పే మనిషిని పెట్టి జరపండి. ఆఖరున స్కూళ్ల మధ్య రిలే. జనం వస్తారు. మీరేమంటారు?

డ్రిల్ మాస్టారు, కందుకూరు:

బాబూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీట్ జనం కోసం పెట్టేది కాదు, పిల్లల కోసం పెట్టేది. అండర్ 14, 17, 19. అబ్బాయిలు, అమ్మాయిలు కలిపి ఆరు గ్రూపులు. ఒక్కో గ్రూపుకి పరుగులు, దూకుళ్లు, విసుర్లు. ఇవన్నీ రెండు రోజుల్లో అయిదారుగురు వ్యాయామోపాధ్యాయులు నడపాలి. లాంగ్‌జంప్, షాట్‌పుట్, పరుగు ఒకేసారి జరిపితేనే పొద్దు గుంకే లోపు అవుతుంది. చలికాలంలో ఆరు దాటితే గీతలే కనపడవు. మన గ్రౌండ్లలో ఎన్నిటికి లైట్లున్నాయి?

ఇంకొకటి. జావెలిన్, డిస్కస్ విసిరేచోట అలవాటు లేని జనాన్ని తెచ్చి కూర్చోబెట్టడం నాకు భయం. ఒకసారి నేను ఈల వేస్తూనే ఉన్నాను, ఎవరో సెక్టార్‌కి (విసిరినవి వచ్చి పడే చోటు) అడ్డంగా నడిచి వెళ్లిపోయారు. ఆ రోజు పట్టిన టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

జనం లేకపోవడం నాకూ బాధే. 2023 డిసెంబర్‌లో ఆడుదాం ఆంధ్రా మొదలైనప్పుడు పోటీ ఆటలుగా అయిదు పెట్టారు: క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో. ఊరూరా ఆడించిన ఆ పోటీల్లో పరుగు పందెం లేదు. కానీ దానికి మందు మీట్‌ని ప్రదర్శనగా మార్చడం కాదు. హీట్స్‌లో ఆరో స్థానంలో వచ్చే పిల్లవాడికి కూడా నెంబర్ కట్టుకుని గీత మీద నిలబడే ఆ ఒక్క రోజు దక్కాలి. ప్రదర్శన అంటూ మొదలుపెడితే మొదట కోసేసేది వాణ్నే.

స్కోర్‌షీట్, ఒంగోలు:

మీరిద్దరూ కొమ్మల దగ్గర ఆగిపోయారు. జనం స్టార్ కోసం వస్తారు. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరాక కదా మనవాళ్లకి జావెలిన్ అన్న మాట నోటికి వచ్చింది. 2025 జూలై 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో అతని పేరు మీద పోటీ పెడితే జనం టికెట్ కొనుక్కుని వచ్చారు. మన జిల్లాల నుంచి ఒక్కళ్లు ఒలింపిక్ ఫైనల్‌కి వెళ్లనివ్వండి, గ్యాలరీ దానంతట అదే నిండుతుంది. అప్పటిదాకా మైకు మార్చినా, టైము మార్చినా ఒరిగేది లేదు. ఉన్న డబ్బు సింథటిక్ ట్రాక్ మీద, కోచ్‌ల మీద పెట్టాలి.

పెన్నాగట్టు, నెల్లూరు:

ట్రాక్, కోచ్‌లు కావాలి, కాదనను. కానీ స్టార్ వస్తే ఆటకి జనం వస్తారన్నది సగమే నిజం. 2025 సెప్టెంబర్‌లో టోక్యోలో ప్రపంచ పోటీలు జరిగాయి. నీరజ్ ఎనిమిదో స్థానంలో ఆగాడు. ఆ రోజు మా ఆఫీసులో అందరూ "పోయింది" అని టీవీ కట్టేశారు. అదే ఫైనల్లో మన దేశపు కుర్రాడు సచిన్ యాదవ్ 86.27 మీటర్లు విసిరి ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలిచాడు. మర్నాడు అడిగితే ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరు లేరు. వాళ్లు నీరజ్‌ని చూస్తున్నారు, జావెలిన్‌ని కాదు. నీరజ్ రిటైరైతే వాళ్లూ రిటైరవుతారు.

కోడెగిత్త, ఒంగోలు దగ్గర పల్లె:

అంకెలు జనానికి ఎక్కవు, సెకన్లు మీటర్లు బోరు అని చాలామంది అనగా విన్నాను. తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లు ఆ మాట అనరు. అక్కడున్నది మొత్తం అంకెలే. జత రాయిని లాగుతుంది, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగిందో దాన్ని బట్టి స్థానం. ఒకేసారి రెండు జతలు పోటీ పడవు. ఒక జత వెళ్లాక ఇంకో జత. అంటే చూసేవాడు ఇప్పుడు లాగుతున్న జతని, గంట క్రితం వెళ్లిపోయిన జతతో మనసులోనే పోల్చుకోవాలి. ఇంతకన్నా కష్టమైన ఆట ఏముంది చూడ్డానికి? అయినా జనం ఎండలో గట్ల మీద, ట్రాక్టర్ల మీద, చెట్ల మీద కూర్చుని రాత్రి దాకా చూస్తారు.

ఎందుకంటే మైకు పట్టుకున్న మనిషి ఊరుకోడు. ఒక్కో దూరం పూర్తవగానే చెబుతాడు: ఈ జత ఇన్ని నిమిషాల ఇన్ని సెకన్లలో పూర్తి చేసింది, ప్రస్తుతం మొదటి స్థానంలో ఉన్న జత కన్నా ఇన్ని సెకన్లు ముందంజలో ఉంది, లేదా వెనుకంజలో ఉంది. ఆ ఒక్క మాటతో మూడు వేల మంది లేచి నిలబడతారు. గిత్తల యజమాని పేరు, ఊరు, మండలం ప్రతిసారీ చెబుతాడు. గిత్తలు రెండు పళ్లవా, నాలుగు పళ్లవా, ఆరు పళ్లవా అన్నది చెబుతాడు, పళ్లని బట్టే వాటి వయసు. మీ అండర్ 14, 17 లాంటిదే కదా అది.

పెద్ద పోటీల్లో ఇప్పుడు ట్రాక్ లోపలి అంచున దీపాలు పరుగెడతాయి, రికార్డు వేగం ఎంతో చూపిస్తూ. పరుగెత్తేవాడు దీపం కన్నా ముందున్నాడా, వెనకున్నాడా అన్నది స్టేడియం అంతటికీ తెలుస్తుంది. మా వైపు ఆ పని ఎప్పటినుంచో నోటితో చేస్తున్నారు.

స్కోర్‌షీట్, ఒంగోలు:

అన్నా, బండలాగుడు మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయినా అక్కడ జనం వచ్చేది గిత్తల మీద మమకారంతో. పరుగెత్తే పిల్లల మీద ఆ మమకారం ఎక్కడిది? 2014లో ప్రో కబడ్డీ వచ్చాక మ్యాట్ వేశారు, రెయిడ్‌కి 30 సెకన్లు అన్నారు, వరసగా రెండు ఖాళీ రెయిడ్లు పోతే మూడోది చావో రేవో అన్నారు. జనం వచ్చారు. అక్కడ జట్టు ఉంది, మాది మీది అనుకోవచ్చు. పరుగులో ఎవరికి వాళ్లే. 2025లో ఒకప్పటి ఒలింపిక్ ఛాంపియన్ మైకేల్ జాన్సన్ అంతటివాడు గ్రాండ్ స్లామ్ ట్రాక్ అనే పరుగుల లీగ్ మొదలుపెట్టి ఒక్కో విభాగంలో గెలిచినవాళ్లకి లక్ష డాలర్ల బహుమతి ప్రకటించాడు. కింగ్‌స్టన్, మయామి, ఫిలడెల్ఫియా అయ్యాయి. నాలుగోది లాస్ ఏంజెలెస్‌లో జరగాల్సింది రద్దయింది. ఒలింపిక్ ఛాంపియన్లని పెట్టుకునే అక్కడ నిలబెట్టలేకపోయారు. మనం సాయంత్రం రిలే పెట్టి నిలబెడతామా?

కావలి అమ్మ:

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 400 మీటర్లు పరుగెత్తుతుంది. మీరంతా జనం రావాలి అంటున్నారు. ఎవరొస్తారో కూడా ఆలోచించండి. క్రితం ఏడాది ఒక మీట్‌లో కొందరు కుర్రాళ్లు ఫెన్సింగ్ దగ్గర నిలబడి షార్ట్స్‌లో ఉన్న ఆడపిల్లల్ని ఫోన్లో తీశారు. మా పాప మూడు వారాలు గ్రౌండ్‌కి పోనంది. బతిమాలి మళ్లీ తీసుకెళ్లాను. కాబట్టి ఖాళీ గ్యాలరీ నాకు ఒక రకంగా నిమ్మళం.

అయినా అది సరికాదని నాకు తెలుసు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్ ఫైనల్ మేమిద్దరం కలిసి చూశాం. చైనా అమ్మాయి ముందే కదిలితే ఇద్దరినీ బయటికి పొమ్మన్నారు. జ్యోతి పోలేదు. అక్కడే నిలబడి, తను ముందు కదల్లేదని వాదించింది. వీడియో చూసి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. తర్వాత చైనా అమ్మాయిని తప్పించారు, జ్యోతికి కంచు పోయి వెండి వచ్చింది. మా పాప ఆ రాత్రంతా ఆ సంగతే మాట్లాడింది. అలా నిలబడే ధైర్యం నాలుగు గోడల మధ్య రాదు. నలుగురి ముందు పరుగెత్తితేనే వస్తుంది. అందుకే అడుగుతున్నాను: గీత దగ్గర కుటుంబాలకి, స్కూలు పిల్లలకి చోటివ్వండి. స్టార్ట్ దగ్గరికి, ఫెన్సింగ్ దగ్గరికి ఫోన్లు రానివ్వకండి. అది రాసిపెట్టి, ఒక మనిషిని నిలబెట్టి అమలు చేస్తే జనం రావాలని నేనూ అంటాను.

1600 మీటర్లు, గిద్దలూరు:

చూసేవాళ్లు ఎక్కడున్నారని అడుగుతున్నారు. పొద్దున అయిదింటికి ఏ కాలేజీ గ్రౌండ్‌కైనా రండి. ఆర్మీకి, కానిస్టేబుల్‌కి తయారయ్యేవాళ్లం గుంపులుగా చీకట్లో పరుగెడుతుంటాం. అగ్నివీర్‌లో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తి మార్కులు. నేను ఇప్పుడు 5:41లో ఉన్నాను. ఆ పదకొండు సెకన్ల కోసం నాలుగు నెలలుగా పరుగెడుతున్నాను. మైలు ప్రపంచ రికార్డు 3 నిమిషాల 43.13 సెకన్లు, 1999లో హిషామ్ ఎల్ గెరూజ్ పెట్టాడు. మైలంటే మా దూరం కన్నా తొమ్మిది మీటర్లు ఎక్కువే. ఆ అంకె చదివితే నాకు కాళ్లు వణుకుతాయి. ఎందుకంటే అదెంతో నా ఊపిరికి తెలుసు. మాలాంటివాళ్లకి మీట్‌లో ఒక ఓపెన్ 1600 పెట్టండి. మేం పరుగెత్తుతాం, మా వెంట మా ఫ్రెండ్స్, అన్నలు వస్తారు. అయిపోయాక పిల్లల ఫైనల్స్ కూడా కూర్చుని చూస్తాం.

పెన్నాగట్టు, నెల్లూరు:

తమ్ముడి మాట నేను అనుకోనిది. నిన్నటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.

స్కోర్‌షీట్ గారికి: మమకారం ఎక్కడిదని అడిగారు. జమైకాలో స్కూళ్ల మీట్ ఒకటుంది, 'చాంప్స్' అంటారు. 1910 నుంచి జరుగుతోంది. కింగ్‌స్టన్‌లో నేషనల్ స్టేడియం నిండిపోతుంది, అది కూడా బడిపిల్లల పరుగు చూడ్డానికి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పరుగు పిచ్చివాళ్లు కారు. ఆ స్కూల్లో చదివినవాళ్లు, వాళ్ల పిల్లలు, వాళ్ల వీధివాళ్లు. తమ స్కూలుకి పాయింట్లు రావాలని వస్తారు. ఉసేన్ బోల్ట్ కూడా మొదట ఆ గ్యాలరీ ముందు విలియం నిబ్ స్కూలు కోసం పరుగెత్తినవాడే. బోల్ట్ పుట్టేసరికే ఆ మీట్‌కి డెబ్బై అయిదేళ్లు దాటాయి. స్టార్ వచ్చాక జనం వచ్చారన్న లెక్క అక్కడ తిరగబడింది. గ్రాండ్ స్లామ్‌లో డబ్బుంది, ఛాంపియన్లున్నారు, కానీ చూసేవాడు "మావాడు" అనుకోవడానికి ఊరు లేదు, బడి లేదు. మన దగ్గర డబ్బు లేదు కానీ అవి ఉన్నాయి. నెల్లూరులో వి.ఆర్. కాలేజీలో చదివినవాళ్లు, కావలి జవహర్ భారతిలో చదివినవాళ్లు ఇప్పటికీ ఒకరితో ఒకరు పోటీ పడకుండా ఊరుకోరు. ఆ పౌరుషాన్ని నాలుగు ఇంటూ వంద మీటర్ల రిలేలో ఎందుకు పెట్టకూడదు?

మాస్టారూ, మీ మాటకి నేను తగ్గుతున్నాను. ఫైనల్స్ అన్నీ సాయంత్రానికి మార్చమన్నది నా పొరపాటు. ఆరో స్థానం పిల్లవాడి సంగతి నాకు తట్టలేదు. మీట్ మొత్తం ఎలా ఉందో అలాగే ఉంచండి. రెండో రోజు మూడున్నర నుంచి అయిదున్నర దాకా, విసుర్లన్నీ అయిపోయి సెక్టార్ ఖాళీ అయ్యాక, మూడే మూడు పెడదాం: 400 మీటర్ల ఫైనల్స్, తమ్ముడు అడిగిన ఓపెన్ 1600, చివర స్కూళ్ల రిలే. కావలి అమ్మగారు చెప్పిన ఫోన్ నియమం ముందు పెట్టి, తర్వాతే మిగతాది.

డ్రిల్ మాస్టారు, కందుకూరు:

రెండు గంటలు, విసుర్లు అయ్యాక అంటే నాకు అభ్యంతరం లేదు. ఫెన్సింగ్ దగ్గర నేనే నిలబడతాను. అమ్మా, మీ పాపని ఆపకండి. కానీ మైకు పట్టే మనిషి నా దగ్గర లేడు. మా పీఈటీల్లో ఎవరికిచ్చినా మళ్లీ చెస్ట్ నంబర్లే చదువుతారు.

స్కోర్‌షీట్, ఒంగోలు:

స్టార్ లేకుండా రెండో ఏడాదికి జనం నిలుస్తారని నేను ఇప్పటికీ నమ్మను. మొదటి ఏడాది మాత్రం వచ్చి చూస్తాను.

కోడెగిత్త, ఒంగోలు దగ్గర పల్లె:

మా ఊరి తిరునాళ్లకి మైకు పట్టే ఆయన్ని అడిగాను. పరుగు పందేనికి ఎప్పుడూ చెప్పలేదట, అయినా వస్తానన్నాడు. ఆయన ఒకటే అడిగాడు: బండకైతే ప్రతి దూరానికీ టైము చెబుతాం, 1600కి ఎక్కడెక్కడ చెప్పాలి, ముందంజా వెనుకంజా దేంతో పోల్చి చెప్పాలి?

డ్రిల్ మాస్టారు, కందుకూరు:

నాలుగు చుట్లు. గీత దాటిన ప్రతిసారీ చెప్పమనండి. 5:30కి రావాలంటే చుట్టుకి 82న్నర సెకన్లు పడాలి. అంటే మొదటి చుట్టు 1:22.5, రెండోది 2:45, మూడోది 4:07.5. ఆ అంకెలతో పోల్చి ఎవరు ముందంజ, ఎవరు వెనుకంజ అన్నది చెబితే సరిపోతుంది. పరుగెత్తేవాళ్ల పేరు, ఊరు, మండలం ఒక కాగితం మీద రాసి ఆయన చేతికిస్తాను. గిద్దలూరు అబ్బాయీ, నీ పేరు మొదట రాస్తున్నాను.