నూలు పేలికల నుంచి విలువైన సెల్యులోజ్ తీయడం సాధ్యమేనా?

ప్రశ్న: మా కుట్టు యూనిట్‌లో మిగిలే నూలు పేలికలను యంత్రాలు తుడిచే గుడ్డలుగా అమ్ముతున్నాము. పత్తిలో 90 శాతానికి పైగా సెల్యులోజే (మొక్కల పోగుల్లోని ముఖ్య పదార్థం) కదా, ఇంతకంటే మెరుగైన ఉపయోగం ఉన్నదా?

జవాబు 1: ఉన్నదండీ. పేలికలను పీకి మళ్ళీ వడికితే పోగులు పొట్టివై దారం బలం తగ్గుతుంది. కరిగిస్తే ఆ బెడద ఉండదు. లయోసెల్ పద్ధతిలో సెల్యులోజ్‌ను ఎన్‌ఎంఎంఓ అనే ద్రావణిలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా నీటిలోకి వదిలి కొత్త పోగు తీస్తారు. ద్రావణిని దాదాపు పూర్తిగా తిరిగి రాబట్టుకుంటారు.

జవాబు 2: అసలు చిక్కు కల్తీలో ఉన్నది. పాలిస్టర్ కలిసిన గుడ్డను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచితే పాలిస్టర్ విడిపోయి పత్తి చాలావరకు మిగులుతుంది గానీ, సాగే ఎలాస్టేన్, గట్టి రంగులు అంత తేలికగా వదలవు. వాడి పారేసిన బట్టలకంటే మీ పేలికలే నయం, ఎందుకంటే వాటిలో ఏమున్నదో మీకు తెలుసు. కత్తిరింపు బల్ల దగ్గరే తెల్లవాటిని వేరుచేయండి.

జవాబు 3: గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో నానో సెల్యులోజ్ స్ఫటికాలూ (కంటికి కనిపించనంత సన్నని సెల్యులోజ్ రేణువులు) తీయవచ్చు, అయితే ఆ ఆమ్లపు వ్యర్థజలాన్ని శుద్ధిచేయడం చిన్న యూనిట్‌కు తలకు మించిన పని. మార్కెట్‌నూ చూసుకోవాలి: స్వీడన్‌లోని సుండ్స్‌వాల్‌లో 2022లో పాత నూలు బట్టల నుంచి గుజ్జు తీసే పెద్ద కర్మాగారాన్ని తెరిచిన రీన్యూసెల్ అనే కంపెనీ, తగినన్ని ఆర్డర్లు రాక 2024 ఫిబ్రవరిలో దివాలా తీసింది.