టెక్సాస్ ఎ అండ్ ఎం జట్టు కోచ్ మార్పు: తెలిసినవారు వివరించగలరా?

మా అమ్మాయి అమెరికాలోని కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో, టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో చదువుతోంది. తన వల్లే నాకు అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఇష్టం కలిగింది. లక్ష మందికి పైగా పట్టే అక్కడి స్టేడియం కైల్ ఫీల్డ్‌లో విద్యార్థులు మొదటి నుంచి చివరి దాకా నిలబడే ఆట చూస్తారు. అవసరమైతే పన్నెండో ఆటగాడిగా తామూ దిగుతామని దాని అర్థమట. అది విన్నప్పుడే నా మనసు ఆ జట్టుకు అతుక్కుపోయింది.

అందుకే 2022, 2023 రెండేళ్లూ బాధగా గడిచాయి. 2022లో దేశంలోనే మేటి కొత్త ఆటగాళ్లను చేర్చుకున్నారన్న పేరు వచ్చింది. తీరా చూస్తే సొంత మైదానంలో అపలేచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడారు. ఆ సీజన్‌లో గెలిచినవి 5, ఓడినవి 7. 2023 నవంబరులో మిసిసిపీ స్టేట్‌ను 51-10తో చిత్తుచేసిన మర్నాడే కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించారు. ఒప్పందం 2031 దాకా ఉండటంతో ఆయనకు ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలట!

కళాశాల కోచ్‌కు ఇంత గట్టి హామీతో ఒప్పందం ఎందుకు రాస్తారు? ఆ డబ్బు విద్యార్థుల ఫీజుల నుంచి వస్తుందా, దాతల నుంచా? కోచ్ పోతే ఆటగాళ్లూ వేరే కళాశాలకు మారిపోవచ్చంటున్నారు, అప్పుడు ఎంతమంది నిలిచారు?

ఫిషర్ తర్వాత వచ్చిన కోచ్ మైక్ ఎల్కో ఇక్కడే 2018 నుంచి 2021 వరకు డిఫెన్స్ చూసుకున్నారు, తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయం జట్టును నిలబెట్టారు. ఆయన పద్ధతి అర్థం కావాలంటే ఏ పాత మ్యాచ్‌లు చూడాలి? సెలవులకు అమ్మాయి ఇంటికి వచ్చేలోగా చూసేస్తాను.