అప్‌డేట్: తమ్ముడి బ్యాంకు ఖాతా సంగతి

పోయిన నెల అడిగాను కదా, సెరిబ్రల్ పాల్సీ ఉన్న మా తమ్ముడికి 24 ఏళ్లు, మాట స్పష్టంగా రాదు కానీ అన్నీ తెలుసు, అయినా బ్యాంకులో గార్డియన్ సర్టిఫికెట్ (వాడి తరఫున వ్యవహారాలు చూసే సంరక్షకుడు ఉన్నట్టు పత్రం) లేకుండా ఖాతా తెరవం అన్నారని. మీలో ఒకరు ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయమన్నారు, చేశాను. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుందట, 1987 న్యాయ సేవల చట్టం నుంచీ ఉంది, మనకే తెలియదు. ఆ సహాయం కోసం హైదరాబాద్ పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టుకి వెళ్లాం. అక్కడి లాయర్ మేడమ్ నేను మాట్లాడుతుంటే ఆపి, "మీరు కాసేపు ఆగండమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి" అన్నారు. నిజం చెప్పాలంటే కాస్త చురుక్కుమంది. వాడు ఫోన్‌లో ఒక్కో అక్షరం కొట్టి "నా జీతం నా ఖాతాలో పడాలి" అని రాయడానికి పది నిమిషాలు పట్టింది, ఆవిడ కదల్లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు అందరితో సమానంగా వాళ్లకీ ఉంది. సాయం చేసేవాళ్లు నచ్చకపోతే మార్చుకోవచ్చు కూడా (అంటే నన్ను కూడా!). ఆ సెక్షన్ రాసి, వాడి వేలిముద్రతో మేనేజర్‌కి లెటర్ ఇచ్చాం. వారంలో పని అయింది.

ఏటీఎం పిన్ మాత్రం నాకు చెప్పడట. అడిగితే నవ్వుతున్నాడు.