పాలు మానేశాను, పెరుగన్నానికి దారేమిటి?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై):
మా వీధి చివరి పశువుల కొట్టంలో దూడ చనిపోతే, తోలులో గడ్డి కుక్కి ఆవు ముందు నిలబెట్టారు, చేపుకు వస్తుందని. ఆవు దాన్ని నాకుతూనే ఉంది, అవతల పాలు పితుకుతూనే ఉన్నారు. నేను పాలు, నెయ్యి, తోలు చెప్పులు మానేశాను. మాంసం ఎప్పుడో వదిలేశాను. కానీ పెరుగన్నం లేనిదే భోజనం చేసినట్టు ఉండదు. నెల్లూరు నుంచి అమ్మ వస్తోంది, ఆమెకు ఏం పెట్టను? జంతువుల కోసం ఇంకేం చేయగలను?

జవాబు:
పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి వడకట్టండి. ఆ పాలు అడుగంటకుండా కాచి, గోరువెచ్చగా ఉండగా పచ్చిమిరపకాయ తొడిమలు వేసి మూతపెట్టండి. మొదటిసారి సరిగా తోడుకోకపోయినా పారేయకండి, మరుసటి రోజుకు అదే తోడు. అల్లం, కరివేపాకు, ఆవాలతో పోపు పెట్టి కలిపితే అమ్మగారు మళ్లీ అడుగుతారు. మాంసం, పాలు రెండూ మానేశారు కాబట్టి విటమిన్ బి12 మాత్రల సంగతి మాత్రం డాక్టరును తప్పక అడగండి.

ఇంకొక జవాబు:
మీరున్నది మంచి చోటే. చెన్నైలో కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టబట్టే 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. జంతువులను ఆదుకునే సంస్థ బ్లూ క్రాస్ మీకు దగ్గరే, గిండీలో. గాయపడిన కుక్కలు, పశువులు అక్కడికి వస్తుంటాయి. వెళ్లి ఏ పనికి మనుషులు కావాలో అడగండి.

ప్రశ్నించినవారు:
పల్లీలు నానబెట్టానండీ. ఆదివారం గిండీకి అమ్మను కూడా తీసుకెళ్తాను.