నాలుగు నెలలుగా వోచింగే చేస్తున్నాను: ఆర్టికల్‌షిప్‌లో ఆఫీసు మారడం మంచిదా?

ప్రశ్న (విజయవాడ, మొదటి సంవత్సరం ఆర్టికల్ అసిస్టెంట్):

అందరికీ నమస్కారం. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పూర్తిచేసి, నాలుగు నెలల క్రితం ఒక ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్స్‌కు (సీఏ కోర్సులో భాగమైన ఆఫీసు శిక్షణకు) చేరాను. చేరిన రోజు నుంచి నాకు అప్పగిస్తున్నది ఒకే పని. క్లయింట్ దగ్గరకు వెళ్లి, వోచర్ల (చెల్లింపు పత్రాల) ఫైళ్లు ముందేసుకుని, ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పద్దుతో సరిచూసి టిక్కు పెట్టడం, అంటే వోచింగ్. నాతో చదివినవారు హైదరాబాదులో జీఎస్టీ రిటర్నులు, కంపెనీల బ్యాలెన్స్ షీట్లు చూస్తున్నామని చెబుతుంటే, రెండేళ్ల శిక్షణలో అప్పుడే ఆరో వంతు వృథా అయిందేమోనని బెంగగా ఉంది. ఆఫీసు మారమంటారా, లేక ఈ పనిలోనే నేర్చుకోవలసినది ఉందా?

సమాధానం (గుంటూరు, ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్):

మీ బెంగ నాకు అర్థమైంది. ఆఫీసు మారే విషయం తరువాత ఆలోచిద్దాం. ముందుగా మీరు వోచింగ్ ఎలా చేస్తున్నారో ఒకసారి చూసుకోండి. వోచర్‌లోని అంకె, పద్దులోని అంకె ఒకటేనా అని మాత్రమే చూస్తే అది ఎవరైనా చేయగల పని, దానితో మీకు విసుగు రావడం సహజమే. ఈ ఖర్చు నిజంగా జరిగిందా, ఈ వ్యాపారానికే జరిగిందా, ఈ సంవత్సరానిదేనా, సరైన ఖాతాలో పడిందా, దీనిపై చట్టం ఏమంటుంది అని అడుగుతూ చూస్తే, అదే వోచర్ మీకు ఆదాయపు పన్నునూ జీఎస్టీనీ దగ్గరుండి నేర్పుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఆర్టికల్స్‌లో ఉండగా ఒక మిర్చి వ్యాపారి ఖాతాల్లో ఒకే తేదీతో నాలుగు హమాలీ వోచర్లు వచ్చాయి. ఒక్కొక్కటి 9,500 రూపాయలు, నాలుగింటిపైనా వేర్వేరు పేర్లు, రెవెన్యూ స్టాంపు మీద సంతకాలు ఉన్నాయి. ఏ లోపమూ కనబడక నేను నాలుగు టిక్కులు పెట్టి ముందుకు వెళ్లిపోయాను. సాయంత్రం మా సీనియర్ ఆ నాలుగు కాగితాలనూ బల్లమీద పక్కపక్కన పరిచి, ఏమీ మాట్లాడకుండా నావైపు జరిపారు. అప్పుడు గమనించాను: నాలుగు సంతకాలదీ ఒకే చేయి, ఒకే ఆకుపచ్చ సిరా. గుమాస్తా గారిని అడిగితే, డబ్బంతా ముఠామేస్త్రీకే ఇచ్చామని, ఆయనే కూలీలకు పంచుకుంటాడని దాపరికం లేకుండా చెప్పారు. ఒకే వ్యక్తికి ఒకే రోజు నగదుగా ఇచ్చిన మొత్తం 10,000 దాటితే, అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 40ఏ(3) సెక్షన్ కింద ఆ ఖర్చును ఆదాయం నుంచి తగ్గించుకోవడం చెల్లేది కాదు. ఆ విధంగా 38,000 రూపాయలూ పన్ను ఆడిట్ నివేదికకు జతచేసే ఫారం 3సీడీలో 21(డి) క్లాజు కింద చూపవలసి వచ్చింది. మేస్త్రీకి ఏడాది పొడుగునా ఇచ్చినది లక్ష దాటింది కనుక అదే చట్టం 194సీ సెక్షన్ కింద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పన్ను మినహాయించడం) ప్రశ్న కూడా లేచింది. అయితే ఇదే వ్యాపారి పంట కొన్నందుకు రైతుకే నేరుగా నగదు ఇచ్చి ఉంటే, ఆదాయపు పన్ను రూల్స్‌లోని 6డీడీ నిబంధన ప్రకారం ఈ నగదు పరిమితి వర్తించేది కాదు. ఈ తేడా నాకు పుస్తకం చదివినప్పటి కంటే ఆ బల్ల దగ్గరే బాగా బోధపడింది.

కాబట్టి రేపటి నుంచి వోచర్లను విడివిడిగా కాక, ఒకే పేరు, ఒకే తేదీ, ఒకే రకం ఖర్చు ఉన్నవాటిని కలిపి చూడండి. మరమ్మతుల బిల్లు వస్తే, అది నిజంగా మరమ్మతా లేక కొత్త యంత్రమా అని లోపలి వివరం చదవండి. మార్చి నెలాఖరు కొనుగోలు బిల్లు వస్తే, సరుకు గేటు దాటి లోపలికి వచ్చిన తేదీని ఇన్‌వార్డ్ రిజిస్టరులో వెతకండి. జీఎస్టీ ఉన్న బిల్లయితే అది జీఎస్టీఆర్-2బీలో (అమ్మినవారు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే పట్టికలో) కనబడుతోందో లేదో చూడండి. క్లయింట్ కంపెనీ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ప్రతి మార్పునూ నమోదుచేసే చిట్టా) ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి కనుక, పద్దు ఎప్పుడు వేశారో, తరువాత మార్చారో అడిగి చూడండి.

అడిగినవారు:

ధన్యవాదాలు సార్. మరొక ఇబ్బంది ఉంది. ఇప్పుడు చేస్తున్న ఆడిట్‌లో ఇరవైకి పైగా వోచర్లకు అసలు బిల్లులే లేవు. సమయం లేదు, అన్నింటికీ టిక్కు పెట్టేయమని సీనియర్ అన్నారు. కాదంటే ఏమనుకుంటారోనని భయంగా ఉంది.

సమాధానం (హైదరాబాదు, ఆర్టికల్స్ పూర్తిచేసి ఫైనల్‌కు చదువుతున్నవారు):

చూడని కాగితానికి టిక్కు మాత్రం పెట్టకండి. మీ టిక్కుకు అర్థం "నేను చూశాను" అని. మీ ప్రిన్సిపల్ గారు (మీకు శిక్షణ ఇస్తున్న సీఏ) దానిని నమ్మి ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేస్తారు. ఆ సంతకానికి బాధ్యత ఆయనది. ఆడిట్ డాక్యుమెంటేషన్ గురించి ఎస్ఏ 230 అనే ఆడిటింగ్ ప్రమాణం చెప్పేది కూడా ఇదే: ఏ పని, ఎవరు, ఎప్పుడు చేశారో ఫైలులో కనబడాలి. ఆ ఫైలును కనీసం ఏడేళ్లు భద్రపరుస్తారు.

సీనియర్‌తో వాదనకు దిగవలసిన అవసరం లేదు. తేదీ, వోచర్ నంబరు, పార్టీ పేరు, మొత్తం, ఏ కాగితం లేదో రాసి ఒక పెండింగ్ జాబితా తయారుచేసి, "అన్నా, ఇవి తప్ప మిగిలినవన్నీ అయిపోయాయి, జాబితా గుమాస్తా గారికి ఇవ్వమంటారా?" అని అడగండి. చాలామంది సీనియర్లు ఇలాంటి జాబితాను సంతోషంగానే తీసుకుంటారు, ఎందుకంటే వారికి కావలసినది పని ముగియడమే. అప్పటికీ టిక్కు పెట్టమంటే, జాబితాను వర్కింగ్ పేపర్లలో ఉంచి, ప్రిన్సిపల్ గారికి వినయంగా చూపించండి.

సమాధానం (గుంటూరు, మొదట రాసినవారు):

హైదరాబాదు వారు చెప్పినది అక్షరాలా పాటించండి. ఇక ఆఫీసు మారడం సంగతి. మారాలంటే ప్రిన్సిపల్ గారి సమ్మతితో ఫారం 109 (పాత చోట శిక్షణ ముగింపు ఫారం) సీఏ ఇన్‌స్టిట్యూట్‌కు దాఖలు కావాలి, కొత్త చోట చేరిన 30 రోజుల్లోగా ఫారం 103 (శిక్షణ నమోదు ఫారం) మళ్లీ వెళ్లాలి. మధ్యలో ఖాళీ వస్తే శిక్షణ ముగియడం ఆలస్యమవుతుంది. 2023 నాటి కొత్త విధానంలో శిక్షణ పూర్తయ్యాక ఆరు నెలలు గడిస్తేనే ఫైనల్ రాయగలరు కనుక, ఆ ఆలస్యం పరీక్ష దాకా పాకుతుంది. అందువల్ల ముందు మీ ప్రిన్సిపల్ గారిని పది నిమిషాల సమయం అడగండి. మీరు పట్టిన రెండు మూడు పొరపాట్లను వర్కింగ్ పేపర్లతో సహా చూపించి, వచ్చే నెల నుంచి ఒక క్లయింట్ జీఎస్టీ రిటర్ను పని కూడా ఇప్పించమని కోరండి. ఉత్త కోరికగా అడిగినదాని కంటే, చేసిన పని చూపించి అడిగినది త్వరగా అందుతుంది. ఆరు నెలల తరువాత కూడా వోచర్ల ఫైళ్లు తప్ప మరేమీ ఇవ్వకపోతే, అప్పుడు మారడమే మంచిదని నేనే చెబుతాను.