ఫిబ్రవరిలో అంటార్కిటికా క్రూయిజ్: ఎంపరర్ పెంగ్విన్లు కనిపిస్తాయా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. వచ్చే ఫిబ్రవరిలో అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి అంటార్కిటికా ద్వీపకల్పానికి క్రూయిజ్ బుక్ చేశాం. మా పాపకి ఎంపరర్ పెంగ్విన్లంటే పిచ్చి. కనిపిస్తాయాండీ? ఇంకోటి, అక్కడ పెంగ్విన్లు తగ్గుతున్నాయని ఒకచోట, పెరుగుతున్నాయని మరోచోట చదివాను. ఏది నమ్మాలి?

జవాబు: ఎంపరర్ మీద ఆశ పెట్టుకోవద్దండీ. అవి గడ్డకట్టిన సముద్రం మీద అక్కడి చలికాలంలో (మే, జూన్) గుడ్లు పెడతాయి. మీరు వెళ్లేసరికి పిల్లలు కూడా నీళ్లలోకి వెళ్లిపోయి ఉంటాయి. 1911లో దక్షిణ ధ్రువ యాత్రకి వెళ్లిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందంలోని ముగ్గురు ఆ గుడ్ల కోసమే, మైనస్ 60 డిగ్రీల దాకా పడిన చలిలో, చీకట్లో స్లెడ్జీలు లాక్కుంటూ అవి ఉండే కేప్ క్రోజియర్‌కి వెళ్లారు. అంతా చేసి తెచ్చింది మూడు గుడ్లు!

తగ్గడం, పెరగడం రెండూ నిజమే. ఏ జాతి, ఏ తీరం అన్నది చూడాలి. ద్వీపకల్పం పడమటి తీరంలో అడెలీ పెంగ్విన్లు బాగా తగ్గాయి, జెంటూ పెంగ్విన్లు పెరిగాయి. అడెలీకి చలికాలంలో సముద్రపు మంచు ఉండాలి. దాని ముఖ్యమైన తిండి క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవి. ఆ క్రిల్ పిల్లలు మంచు అడుగున పట్టే నాచు తిని బతుకుతాయి. మంచు తగ్గితే అడెలీకీ, క్రిల్‌కీ రెండింటికీ దెబ్బే. జెంటూ అంత పట్టింపు లేనిది, చేపలూ తింటుంది, గుడ్లు పోతే మళ్లీ పెడుతుంది. మీ రూట్‌లో పీటర్మాన్ దీవి ఉందేమో చూడండి. 1909లో ఫ్రెంచ్ అన్వేషకుడు షార్కో ఓడ చలికాలం గడిపింది అక్కడే. అప్పుడు అడెలీల రాజ్యం, ఇప్పుడు జెంటూలదే పైచేయి.

ప్రశ్న: థాంక్సండీ, పాపకి నచ్చజెప్పాలి! బర్డ్ ఫ్లూ అంటే కాస్త టెన్షన్‌గా ఉంది. అసలు ఒడ్డున దింపుతారా?

మరొకరి జవాబు: మేం వెళ్లొచ్చాం, దింపారు. ఒక చోట ఒకసారికి వంద మందికి మించనివ్వరు. 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడైతే అసలు దింపరు, మీ బుకింగ్ చూసుకోండి. ఆ వైరస్ 2024 ఫిబ్రవరిలో ద్వీపకల్పంలో బయటపడింది. అందుకే బూట్లు వెళ్లేముందూ వచ్చాకా కడిగిస్తారు, నేలమీద కూర్చోనివ్వరు, బ్యాగు పెట్టనివ్వరు. పెంగ్విన్‌కి ఐదు మీటర్ల దూరంలో ఉండాలి, అదే మన దగ్గరికొస్తే మనమే జరగాలి. జాకెట్ల వెల్‌క్రోలో గడ్డి గింజలు ఇరుక్కుంటాయి, ఇంటి దగ్గరే వ్యాక్యూమ్ చేసుకోండి. వాళ్లు వెతికి మరీ తీయిస్తారు. ఫిబ్రవరిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు బాగా కనిపిస్తాయి, పాపకి బైనాక్యులర్స్ కొనండి. రబ్బరు పడవల్లోకి చిన్నపిల్లల్ని ఎక్కించుకుంటారో లేదో వయసు చెప్పి ఇప్పుడే అడగండి.