ఒకే చెట్టు, ఒకే రోజు కోత: పండుకో రుచి ఎందుకు?

త్రాసు: ఒకే మామిడి చెట్టు కాయలు, ఒకే గదిలో మాగబెట్టినవి. ఒకటి తేనె, పక్కది చప్పిడి. కోతకు వారం ముందు తడి ఇవ్వడమే కారణమని నా వాదన. కాదనేవారు ఉన్నారా?

వెనకపూత: నేనున్నాను. నీరు చెట్టు మొత్తానికీ అందింది కదా, కాయకో రకంగా ఎలా పనిచేస్తుంది? పూత ఒకేసారి రాదు. ముందు పూత కాయ ముదిరే వేళకు వెనక పూత కాయలో టెంక కూడా గట్టిపడదు. మామిడి పిండిపదార్థాన్ని దాచుకుని, కోశాక దాన్నే చక్కెరగా మార్చుకుంటుంది. దాచుకోనిది ఎక్కడి నుంచి వస్తుంది? ఎన్నాళ్లు మాగబెట్టినా రంగు తిరుగుతుంది కానీ తీపి ఎక్కదు.

చిరుగాలి: ద్రాక్షకు ఆ మాగడం కూడా లేదు. కోసినప్పుడున్న తీపే తీపి. గుత్తి పైభాగం తియ్యగా ఉన్నా కొస పుల్లగా ఉండవచ్చు. అందుకే నేను కొస పండే రుచి చూస్తాను.

త్రాసు: మాట దాటేయకండి. నీరు తీపిని పలచన చేస్తుందా, లేదా?

వెనకపూత: చేస్తుంది. నేను అడిగింది ఒకే చెట్టులో తేడా గురించి. ఎండ తగిలే ఆకులు చక్కెర ఎక్కువ చేసి దగ్గరి కాయలకు పంపుతాయి. లోపలి నీడలో, గుప్పెడు ఆకుల రెమ్మకు అరడజను కాయలు వేలాడితే తలా కాస్తే దక్కుతుంది.

త్రాసు: రసంలో తీపి ఎంతుందో చూపే బ్రిక్స్ మీటర్‌తో కొలిచాను. తడి ఇచ్చిన తోటలో తక్కువ చూపింది.

మౌనవ్రతం: పండులో ఎక్కడి రసం తీశారు? పుచ్చకాయ నడుమ ఒక అంకె, తొక్క దగ్గర ఇంకో అంకె వస్తుంది.

త్రాసు: మామిడి గురించి మాట్లాడుతుంటే పుచ్చకాయ ఎందుకండీ?

వెనకపూత: పోయిన కోతకు మా తోట కొన్న వ్యాపారి లారీ నిండాలంటూ రెండు రోజుల్లో చెట్లన్నీ దులిపించాడు. లేతవి వదిలేయమని బతిమాలినా వినలేదు. తర్వాత సరుకు చప్పగా ఉందని, నీళ్లు ఎక్కువ పెట్టానని నన్నే అన్నాడు. మీ నోటా అదే మాట.

త్రాసు: నేనూ తోటలు కొనేవాడినే. అందుకా ఈ కోపం? మూడు దఫాలు కోయిస్తే కూలీ, లారీ బాడుగ మూడుసార్లు ఎవరు భరించాలి?

వెనకపూత: ఇప్పుడు బయటపడ్డారు. కోత రోజు మీ చేతిలో, చప్పదనం మాత్రం నా మోటారు ఖాతాలో!

చిరుగాలి: బాగా ముదిరిన మామిడి నీళ్లలో మునుగుతుంది, లేతది తేలుతుంది. ఇద్దరూ ఒక తొట్టి పెట్టుకుంటే సరిపోదా?

త్రాసు: పెట్టుకుంటాం. కోసేశాక తేలినవి ఎవరి లెక్కలో వేయాలి?